కనురెప్పలు ఉన్నట్టుండి ఉబ్బి దురద పెడితే ఏం చేయాలి, కారణం ఎక్కడ వెతకాలి

పొద్దున లేచేసరికి రెప్పలు బరువుగా ఉన్నాయి. అద్దంలో చూసుకుంటే కళ్ళు సగమే తెరుచుకున్నాయి, పై రెప్పలు రెండూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, చర్మం గరుగ్గా తగులుతోంది, రుద్దితే ఒక్క నిమిషం హాయిగా ఉండి ఆ తర్వాత దురద ముందుకన్నా రెట్టింపు అవుతోంది. రాత్రి పడుకునేటప్పుడు ఏమీ లేదు. నాకు ఇది ఆరు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. మొదటి మూడుసార్లూ తప్పు చోట వెతికాను, నాలుగోసారి తర్వాతే అసలు కారణం దొరికింది, అది కూడా నేను కంటి దగ్గరికి ఎప్పుడూ తీసుకెళ్ళని వస్తువు. మీరు ఉబ్బిన రెప్పలతో, టెన్షన్‌తో ఇది చదువుతుంటే ముందు మొదటి రెండు భాగాలు చూడండి. కారణం వెతికే పని వాపు కాస్త తగ్గాక నెమ్మదిగా చేసుకోవచ్చు.

ఇంట్లో ఆగకూడని పరిస్థితులు

రెప్పలతో పాటు పెదాలో నాలుకో గొంతో వాస్తుంటే, ఊపిరి అందకపోతే, గొంతు బొంగురుపోతే, ఒళ్ళంతా దద్దుర్లు లేచి కళ్ళు తిరుగుతుంటే, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అలర్జీ మాత్ర వేసుకుని అరగంట చూద్దాం అనుకోవద్దు, ఆ అరగంటే ప్రమాదం. కొన్ని మందుల వల్ల కూడా ఇలాంటి వాపు వస్తుంది. నొప్పి మాత్రలు ఒక రకం. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాంటి బీపీ మాత్రలు ఇంకో రకం, వీటితో వచ్చే వాపులో దురద ఉండదు, దద్దుర్లు ఉండవు, మందు మొదలుపెట్టిన ఎన్నో నెలలకి, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. కాబట్టి ఇన్నాళ్ళూ పడిన మందే కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఒక్క కన్నే బాగా వాచి, నొప్పి ఎక్కువగా ఉండి, జ్వరం ఉంటే, కనుగుడ్డు అటూ ఇటూ తిప్పినప్పుడు నొప్పి వస్తే, చూపు మసకబారినా ఒకటి రెండుగా కనిపించినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినట్టున్నా, అది అలర్జీ కాకపోవచ్చు. కనుగుడ్డు వెనక భాగానికి ఇన్ఫెక్షన్ పాకినప్పుడు ఇలా ఉంటుంది, చాలాసార్లు సైనస్ ఇన్ఫెక్షన్ నుంచి వస్తుంది, పిల్లల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. అలాగే నుదురు, కన్ను ఒకవైపే మండుతూ నీటిపొక్కులు లేస్తుంటే అది సర్పి అయి ఉండొచ్చు, పొక్కులు ముక్కు కొన మీద కూడా కనిపిస్తే కంటికి ముప్పు ఎక్కువ. దానికి మందు 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది కాబట్టి రోజులు పోనివ్వకండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళకి కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే లెన్స్ తీసేసి ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించాలి. కంట్లో ఏదైనా రసాయనం పడితే ముందు 15 నుంచి 20 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి, బయలుదేరడం ఆ తర్వాత.

ఇవేవీ లేకుండా దురద, వాపు, ఎరుపు, కొంచెం పొలుసులు మాత్రమే ఉన్నాయా? అయితే ఇది ఇబ్బందే కానీ ప్రమాదం కాదు, మనం సర్దుబాటు చేసుకోగలిగిందే.

మొదటి మూడు రోజులు

శుభ్రమైన మెత్తటి గుడ్డని చల్లటి నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద పది నిమిషాలు ఉంచండి. రోజుకి నాలుగైదుసార్లు చేయొచ్చు. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, రెప్ప చర్మం తట్టుకోలేదు. పడుకునేటప్పుడు ఇంకో దిండు వేసుకుని తల ఎత్తుగా ఉంచుకుంటే పొద్దుటి వాపు చాలా తగ్గుతుంది, ఎందుకంటే రాత్రంతా వెల్లకిలా పడుకుంటే నీరు రెప్పల్లోకే చేరుతుంది.

రుద్దకండి. ఇది అందరూ చెప్పేదే అయినా ఎందుకో తెలిస్తే ఆగడం తేలిక: రుద్దినప్పుడు ఆ ఒత్తిడికి అక్కడి కణాల నుంచి దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం ఇంకా ఎక్కువ విడుదలవుతుంది, అంటే దురదని మనమే పెంచుకుంటున్నామన్నమాట. పైగా ఏళ్ళ తరబడి కళ్ళు గట్టిగా రుద్దే అలవాటు ఉన్నవాళ్ళలో కంటి ముందు పొర పల్చబడి శంకువులా పొడుచుకొచ్చే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. దురద ఆపుకోలేనప్పుడు చల్లగుడ్డ వేసుకోండి, అంతే. నిద్రలో గోక్కునే అలవాటు ఉంటే గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి.

మొహానికి రాసేవన్నీ ఆపేయాలి. మేకప్, ఐలైనర్, మస్కారా, సన్‌స్క్రీన్, సీరమ్, ఐ క్రీమ్, సెంటు, మేకప్ తుడిచే వైప్స్, అన్నీ. కాంటాక్ట్ లెన్స్ కూడా పక్కన పెట్టి కళ్ళద్దాలు వాడండి. మొహం గోరువెచ్చటి నీళ్ళతో మాత్రమే కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. చర్మం పట్టేసి పొలుసులు లేస్తుంటే సువాసన ద్రవ్యాలు కలపని మామూలు పెట్రోలియం జెల్లీ చాలా పల్చగా రాయండి, దానికి అలర్జీ రావడం చాలా అరుదు. కలబంద, నిమ్మ, టీ ట్రీ నూనె, ఇంకే మొక్క రసమైనా సహజమే కదా అని రెప్పల మీద పెట్టకండి, మొక్కల నుంచి వచ్చే నూనెలు, రసాలు అలర్జీ తెప్పించడంలో రసాయనాలకి ఏమీ తీసిపోవు, టీ ట్రీ నూనె అయితే అందులో పేరుమోసినది.

సెటిరిజిన్, లొరాటడిన్ లాంటి అలర్జీ మాత్రలు పుప్పొడి, దుమ్ము, పెంపుడు జంతువుల వల్ల వచ్చిన దురదకి బాగా పనిచేస్తాయి. కానీ రాసుకున్న వస్తువు వల్ల చర్మం పాడైతే వాటితో పెద్దగా తేడా కనిపించదు, అప్పుడు మాత్ర పనిచేయలేదని కంగారు పడకండి, అది కూడా కారణం గురించి ఒక ఆధారమే. గర్భిణులు, వేరే మందులు వాడేవాళ్ళు, చిన్నపిల్లలకి ఇవ్వాలనుకునేవాళ్ళు డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడిగే వేసుకోవాలి. ఎరుపు తగ్గించే చుక్కల మందులు రోజుల తరబడి వాడితే, ఆపగానే ఎరుపు ముందుకన్నా ఎక్కువగా తిరిగొస్తుంది, వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక స్టెరాయిడ్ క్రీముల సంగతి. ఒంటి మీద దురదకి ఎప్పుడో రాసిచ్చిన ట్యూబు ఇంట్లో ఉంటుంది, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటిది, రాసిన మర్నాటికే రెప్ప మామూలు అయిపోతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ రాయాలనిపిస్తుంది. దయచేసి ఈ పని చేయకండి. రెప్ప చర్మం మన ఒంట్లోకెల్లా పల్చటిది, ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, దాని మీద రాసిన మందు లోపలికి దిగిపోతుంది. వారాల తరబడి వాడితే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లాలు రావచ్చు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. రెప్పలకి స్టెరాయిడ్ అవసరమైతే డాక్టర్లు తక్కువ శక్తి ఉన్న హైడ్రోకార్టిసోన్ లాంటిది కొద్ది రోజులకే ఇస్తారు, ఎక్కువ రోజులు వాడాల్సి వస్తే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, పిమెక్రోలిమస్ క్రీమ్ ఉన్నాయి, అవి రాసిన మొదట్లో కొంచెం మండుతాయి, అయినా చర్మాన్ని పల్చబరచవు. ఏది ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి.

ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలుస్తుంది

కంట్లోకి వెలుతురు బాగా పడే చోట నిలబడి ఒకసారి శాంతంగా చూసుకోండి, ఫోన్‌తో ఫొటో తీసి తేదీ రాసుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి వాపు తగ్గిపోతే ఆ ఫొటోనే పనికొస్తుంది.

నేను చూసుకునే మొదటి ప్రశ్న, దురద ఎక్కడ ఉంది? రెప్ప చర్మం మీదా, కంటి లోపలా? కన్ను లోపల దురద, నీళ్ళు కారడం, తుమ్ములు, రెండు కళ్ళకీ ఒకేసారి రావడం, ఇవన్నీ కలిసి ఉంటే గాలిలోంచి వచ్చేదే కారణం: పుప్పొడి, ఇంటి దుమ్ములోని సూక్ష్మ కీటకాలు, పిల్లి, కుక్క, బూజు. ఏటా ఒకే కాలంలో వస్తే పుప్పొడి. ఏడాది పొడుగునా ఉంటూ లేవగానే ఎక్కువగా ఉంటే దిండు, పరుపుల్లోని దుమ్ము కీటకాలని అనుమానించాలి, దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే అవి చస్తాయి. పిల్లిని నిమిరిన చేత్తో కన్ను నలుపుకుంటే నిమిషాల్లో రెప్ప ఉబ్బిపోయేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి కారణం వెతకాల్సిన పని కూడా ఉండదు.

దురద చర్మం మీదే ఉండి, చర్మం ఎర్రబడి, గరుకుగా, ముడతలు పడి, పొలుసులు లేస్తుంటే ఏదో తగిలింది. దీంట్లో మళ్ళీ రెండు రకాలు. తగిలిన కొద్దిసేపటికే మంట పుడితే ఆ వస్తువు చర్మాన్ని గాయపరిచింది, సబ్బులు, రెటినాల్ క్రీములు, మొటిమల మందులు ఇలా చేస్తాయి. మంటకన్నా దురద ఎక్కువగా ఉండి, ఒక రోజో రెండు రోజులో ఆలస్యంగా మొదలైతే అది స్పర్శ వల్ల వచ్చే అలర్జీ. రెప్పల చర్మం పాడవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది ఇదే, కింద ఎక్కువ భాగం దీని గురించే.

రెప్ప అంచున ఒకచోట గడ్డలా నొప్పి పెడితే అది కంటి కురుపు, దానికి చల్లగుడ్డ కాదు, గోరువెచ్చని కాపడం పెట్టాలి. రెప్ప వెంట్రుకల మొదళ్ళలో చుండ్రు లాంటి పొట్టు, పొద్దున పుసి, కంట్లో ఇసుక పడ్డట్టు గరగర ఉంటే రెప్ప అంచుల వాపు, బ్లెఫరైటిస్ అంటారు, రోజూ వెచ్చటి కాపడం పెట్టి అంచులు శుభ్రం చేసుకుంటూ ఉండాలి, ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది. తలలో, కనుబొమల్లో, ముక్కు పక్కల కూడా పొలుసులుంటే చుండ్రు రెప్పలకీ పాకిందన్నమాట. ఒక్క రెప్ప రాత్రికి రాత్రి బుడగలా ఉబ్బి, దురద ఉండి, నొప్పి లేకపోతే ఏదో పురుగు కుట్టి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది.

అసలు దురదే లేకుండా రెండు రెప్పలూ రోజూ పొద్దున్నే ఉబ్బుతుంటే దారి వేరు. పాదాలు కూడా వాస్తుంటే, మూత్రం బాగా నురగ వస్తుంటే మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి, పిల్లల్లో దీన్ని అలర్జీ అనుకుని వారాలు గడిపేస్తుంటారు. థైరాయిడ్ వల్ల కూడా రెప్పలు ఉబ్బుతాయి. రెప్పల మీద ఊదారంగు వచ్చి, మెట్లెక్కడానికో చేతులు పైకెత్తడానికో బలం చాలకపోతే అది కూడా వెంటనే చూపించుకోవాల్సిందే.

కారణం వెతకడం: మూడు రోజులు వెనక్కి

ఇక్కడే నేను పొరపాటు పడ్డాను. మొదటిసారి రెప్పలు ఉబ్బినప్పుడు ముందురోజు రాత్రి రాసుకున్న ఐ క్రీమ్ మీద అనుమానం వచ్చి పారేశాను. వారంలో తగ్గింది, అదే కారణమని నమ్మేశాను. నెలన్నరకి మళ్ళీ వచ్చింది, ఈసారి మస్కారా పారేశాను. మూడోసారి తిండి మీద పడి, ఇష్టమైనవన్నీ మానేసి మూడు వారాలు అవస్థపడ్డాను. ఒక్క రెప్పలే ఎర్రబడి పొలుసులు లేవడానికి తిండి కారణం కావడం చాలా అరుదు, తిండి అలర్జీ మామూలుగా తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో వస్తుంది, దద్దుర్లో వాంతులో పెదాల వాపో ఏదో ఒకటి తోడుంటుంది. అది అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

స్పర్శ అలర్జీ అలా వెంటనే రాదు. వస్తువు తగిలిన తర్వాత మన రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టి, చర్మానికి చేరి, వాపు పుట్టించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం పొద్దున రెప్పలు ఉబ్బితే ఆదివారం రాత్రి రాసింది కాదు, శుక్ర శని వారాల్లో ఏం చేశారో గుర్తు తెచ్చుకోవాలి. రెండో సంగతి, ఏళ్ళ తరబడి వాడుతున్న వస్తువుకే ఒకరోజు అలర్జీ మొదలవుతుంది. ఎప్పటినుంచో వాడేదే కదా అని ఏ వస్తువునీ వదిలేయకూడదు, అలర్జీ పుట్టాలంటే అసలు ముందు కొన్నిసార్లు తగలాలి. పైగా కంపెనీలు పాత పేరుతోనే లోపలి దినుసులు మార్చేస్తుంటాయి, సీసా అదే, రంగు అదే, లోపల ఉన్నది వేరు.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. రెప్పకి ఏం రాశారని కాదు, రెప్పదాకా ఏం చేరిందని వెతకాలి. జుట్టుకి రాసింది స్నానంలో కారుతూ వస్తుంది, చేతులకి ఉన్నది రోజుకి ఎన్నోసార్లు మొహానికి తగులుతుంది, గాలిలో ఉన్నది వచ్చి రెప్పల మీద వాలుతుంది. తలమీద, అరచేతుల్లో చర్మం మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏమీ కాదు, అదే వస్తువు రవ్వంత రెప్పకి తగిలితే చాలు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఒక చర్మ డాక్టర్ నన్ను నోటుబుక్ పెట్టమన్నారు. ప్రతి రోజుకీ ఒక పేజీ, ఆ రోజు జుట్టుకి, మొహానికి, చేతులకి, గోళ్ళకి, బట్టలకి ఏం తగిలిందో, ఇంట్లో కొత్తగా ఏం చేశారో, అంతే. పాత మూడుసార్ల తేదీలు ఫోన్‌లో ఫొటోల వల్ల తెలిశాయి. ఆ ఫొటోలకి రెండు మూడు రోజుల ముందు తీసిన ఫొటోలు చూస్తుంటే ప్రతిదాంట్లోనూ నా గోళ్ళు మెరుస్తున్నాయి. నెయిల్ పాలిష్. గోళ్ళకి ఏమీ కాలేదు, వేళ్ళకి ఏమీ కాలేదు, రెప్పలే ఉబ్బాయి. నెయిల్ పాలిష్‌లో గట్టిదనం కోసం వేసే టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ అనే పదార్థం ఇలా రెప్పల మీద, మెడ మీద బయటపడటం చర్మ డాక్టర్లకి ఎప్పటినుంచో తెలిసిన విషయమేనట. పూర్తిగా ఆరకముందు కళ్ళు తుడుచుకున్నా, నిద్రలో చెయ్యి మొహం మీద పడ్డా చాలు. జెల్ నెయిల్స్, అతికించే గోళ్ళలో ఉండే అక్రిలేట్లు అలర్జీ తెప్పించడంలో ఇంకా గట్టివి, గోళ్ళ జెల్‌ని గట్టిపరిచే యూవీ దీపం కింద సరిగా గట్టిపడకపోతే మిగిలిన జెల్ చర్మానికి అంటుకుని అలర్జీ పుట్టిస్తుంది. ఇది వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టర్‌కి కూడా చెప్పాలి, పళ్ళకి వాడే కొన్ని పదార్థాల్లోనూ అక్రిలేట్లే ఉంటాయి.

జుట్టు రంగు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నల్లటి రంగుల్లో ఉండే పారాఫినైలిన్ డయామిన్‌కి అలర్జీ ఉంటే, రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకి రెప్పలు మూసుకుపోయేంతగా వాస్తాయి, తల మీద మాత్రం కొంచెం దురదే ఉండొచ్చు. ప్రతిసారీ ముందుకన్నా తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఒకసారి వస్తే మళ్ళీ వేసి చూద్దామనుకోకండి. చర్మం మీద కొన్నాళ్ళుండే నల్లటి టాటూలలో ఈ రసాయనమే ఎక్కువ మోతాదులో కలిపి ఉంటుంది, చిన్నప్పుడు అది వేయించుకున్నవాళ్ళకి ఏళ్ళ తర్వాత జుట్టు రంగుతో బయటపడుతుంది.

షాంపూల్లో నురగ కోసం వేసే కోకామిడోప్రొపైల్ బీటెయిన్, పాడవకుండా వేసే మిథైల్ ఐసోథయాజోలినోన్ గుర్తుపెట్టుకోండి. రెండోది తడి వైప్స్, సబ్బు ద్రవాలు, నీళ్ళతో కలిపే గోడ రంగుల్లో కూడా ఉంటుంది. కొత్తగా రంగు వేసిన గదిలోంచి అది వారాల పాటు గాలిలోకి వస్తుంది, ఏమీ ముట్టుకోకుండానే రెప్పలు ఉబ్బుతాయి. చర్మం మీద ఉండిపోయే క్రీముల్లో దీన్ని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది, అన్ని దేశాల్లో అలా లేదు.

సెంటు మీరు కొట్టుకోకపోయినా పక్కన పడుకునేవాళ్ళు కొట్టుకుంటే, వాళ్ళ తలకి రాసుకునేది మీ దిండుకి అంటితే, అదీ చాలు. పిల్లలకి వస్తే ఎత్తుకునేవాళ్ళ క్రీములు, రంగులు చూడాలి. రెప్ప వెంట్రుకలు వంచే క్లిప్పు, కనుబొమల పట్టకారులో నికెల్ ఉంటుంది, నికెల్ ఉందో లేదో చూపించే చిన్న పరీక్ష ద్రవం దొరుకుతుంది, ఉంటే గులాబీరంగుకి మారుతుంది. మేకప్ స్పాంజిలోని రబ్బరు, అతికించే రెప్ప వెంట్రుకల జిగురు కూడా లెక్కలోకి తీసుకోండి.

కంటి చుక్కల మందులని చాలామంది వదిలేస్తారు, మందే కదా అని. వాటిలో పాడవకుండా వేసే బెంజల్కోనియం క్లోరైడ్ కానీ, మందే కానీ పడకపోతే చుక్క కారే దారిలో కింది రెప్ప ఎక్కువగా ఎర్రబడుతుంది. గ్లకోమాకి వాడే బ్రిమోనిడిన్‌తో నెలల తర్వాత ఇలా కావడం తరచుగా చూస్తారు, అయితే గ్లకోమా చుక్కలు సొంతంగా మానేయకూడదు, డాక్టర్ వేరేది రాసిస్తారు. ఉబ్బిన రెప్పకి రాసిన నియోమైసిన్ ఆయింట్‌మెంట్ వల్లే ఉబ్బు పెరిగినవాళ్ళూ ఉన్నారు. మందు రాసేకొద్దీ ఎక్కువవుతుంటే మందునే అనుమానించండి.

అనుమానం నిజమో కాదో తేల్చుకోవడం

అన్నీ ఆపాక రెప్పలు పూర్తిగా మామూలు కావాలి, దానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. వాపు మూడు నాలుగు రోజుల్లో పోతుంది కానీ ఆ తర్వాత చర్మం ఎండి పొలుసులు రాలుతుంది, అది మానుతున్న గుర్తు. మళ్ళీ మొదలైందేమో అని భయపడి కొత్త క్రీములు తెచ్చి రాయకండి.

పూర్తిగా తగ్గాక ఒక్కో వస్తువునీ తిరిగి మొదలుపెట్టండి, ఒక్కోదానికీ మధ్య కనీసం వారం ఉండాలి. తొందరపడి ఒకే రోజు మూడు మొదలుపెడితే ఇన్నాళ్ళ ఓపికా వృథా. రాసి వదిలేసే క్రీములైతే ముందు మొహం మీద కాకుండా మోచేతి లోపలి వైపు, రూపాయి బిళ్ళంత చోట, రోజుకి రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడండి. దురదో ఎరుపో వస్తే అది మీకు పడదు. రాకపోతే మాత్రం నూటికి నూరు శాతం పడుతుందని కాదు, రెప్ప చర్మం చేతికన్నా సున్నితం. షాంపూ, సబ్బు, జుట్టు రంగు ఇలా రాసి ఉంచకండి, కడిగేయాల్సినవి అలా వదిలేస్తే ఎవరి చర్మమైనా మండుతుంది, అలర్జీ ఉన్నట్టు తప్పుగా తేలుతుంది.

రెండోసారి వచ్చినా, నాలుగు వారాల్లో తగ్గకపోయినా ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. నేను ఆరు నెలలు ఆలస్యం చేశాను, మీరు చేయొద్దు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళల్లో రకరకాల పదార్థాలు అతికిస్తారు, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్ళీ రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. రెండోసారి చూడటం తప్పనిసరి, కొన్ని అప్పుడే బయటపడతాయి, కాబట్టి మొదటిసారి ఏమీ లేదన్నారని రెండో అపాయింట్‌మెంట్ మానేయకండి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పనులు తగ్గించుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, ఫలితం తప్పుగా రావచ్చు. మీరు వాడే వస్తువులన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్ళండి, చాలామంది డాక్టర్లు వాటిలో కొన్నిటిని కూడా కలిపి పరీక్షిస్తారు.

దీన్నీ చేతి మీద సూదితో గుచ్చి 15, 20 నిమిషాల్లో చూసే పరీక్షనీ కలపకండి. ఆ పరీక్ష పుప్పొడి, దుమ్ము, జంతువులు, తిండి లాంటి వెంటనే వచ్చే అలర్జీల కోసం, రాసుకునే వస్తువుల గురించి అది ఏమీ చెప్పదు. నాకు మూడోసారి వచ్చినప్పుడు ఒకచోట అదే చేశారు, అంతా బాగుందన్నారు, నేను అలర్జీ లేదనుకుని ఇంకో రెండు నెలలు పోగొట్టుకున్నాను.

పేరు తెలిశాక

ప్యాచ్ టెస్ట్‌లో తేలిన పదార్థాల పేర్లు, వాటికి ఉన్న వేరే పేర్లతో సహా, రాసిమ్మని అడగండి. డబ్బా ముందు వైపు రాసే మాటలని నమ్మకండి. హైపోఅలర్జెనిక్ అన్న మాటకి చాలా దేశాల్లో చట్టపరమైన నిర్వచనమే లేదు, వాసన లేనిది అని రాసి ఉన్న వస్తువులో అసలు వాసనని కప్పిపుచ్చే సువాసన ద్రవ్యం ఉండొచ్చు, సువాసన ద్రవ్యాలే కలపనిది అన్నది వేరు, మనకి కావాల్సింది అది. వెనక చిన్న అక్షరాలతో ఉండే దినుసుల జాబితానే చదవాలి. కంటికి కనపడనంత చిన్నగా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఈ అలర్జీ చాలామందికి జీవితాంతం ఉంటుంది. అలవాటు పడితే పోతుందని కొంచెం కొంచెం వాడి చూడకండి, అది పెరుగుతుందే కానీ తగ్గదు. అలాగని అన్నీ వదులుకోవాల్సిన అవసరమూ లేదు. నేను ఇప్పుడు ఆ రెజిన్ లేని పాలిష్ వేసుకుంటున్నాను, మొదటిసారి ఒక్క వేలికే వేసి వారం చూశాను. వాడే సీసా అయిపోయి అదే కంపెనీది, అదే రంగుది కొత్తది తెచ్చినా దినుసుల జాబితా మళ్ళీ మొదటినుంచీ చదువుతాను. పేర్లు రాసిన కాగితం ఫొటో ఫోన్‌లో ఉంది, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో కూడా ఉంది.